ముందు అడ్రస్... తర్వాతే ఇల్లు!

పోయిన ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి మా బాబాయి కొడుకు వాట్సాప్ కాల్ చేశాడు. 'అన్నయ్యా! మ్యూనిక్‌లో జాబ్ వచ్చేసింది. ఇల్లు కూడా దొరికేసింది!' అన్నాడు. జాబ్ సంగతి సంతోషమే. గుంటూరులో కూర్చుంటే మ్యూనిక్‌లో ఇల్లెలా దొరికిందిరా అని నాకు డౌటొచ్చింది. లింక్ పంపమన్నాను.

ఫొటోలు అదిరిపోయాయి. సిటీ మధ్యలో రెండు గదులు, బాల్కనీ, కొత్త కిచెన్. అద్దె 650 యూరోలే! ఓనరు లండన్‌లో ఉంటాడట. 2,000 యూరోలు డిపాజిట్ పంపిస్తే తాళాలు కొరియర్ చేస్తానని మెయిల్ పెట్టాడు. మన డబ్బుల్లో రెండు లక్షలకు కాస్త అటూ ఇటూ. సోమవారం పిన్ని గాజులు తాకట్టు పెట్టి పంపేద్దామని బాబాయి డిసైడైపోయాడు.

'రూపాయి కూడా కదలకూడదు' అన్నాను. జర్మనీ మొత్తంలో అద్దెలు మండిపోయే ఊరు మ్యూనిక్. అక్కడ సిటీ మధ్యలో, ఆ రేటుకి, ఇల్లు ఖాళీగా ఉండి మనకోసం ఎదురుచూస్తుందా? ఓనరు వేరే దేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్‌లో వస్తాయి, డబ్బు ముందే పంపాలి... ఈ మూడూ ఒకేచోట వినిపించాయంటే అది మోసమే అనుకోండి. మనమో, మనకు తెలిసినవాళ్లో వెళ్లి ఇల్లు చూడాలి. అగ్రిమెంట్ మీద సంతకాలు కావాలి. డబ్బు మాట ఆ తర్వాతే.

వాడికి చిర్రెత్తుకొచ్చింది. 'మరి దిగగానే ఎక్కడుండాలి? నువ్వెళ్లినప్పుడు ఏం చేశావ్?' అన్నాడు. చెప్పుకోవడానికి కాస్త సిగ్గే. అయినా చెప్పాను.

నా 150 యూరోల తెలివి

నేను వచ్చిన కొత్తలో ఒకరి ఫ్లాట్‌లో గది దొరికింది. బయటి రేటు కంటే నెలకు 150 యూరోలు తక్కువ. ఒకటే కండిషన్... 'అన్మెల్డుంగ్' కుదరదు. ఏదో చిన్న ఫార్మాలిటీలే అనుకుని సరేనన్నాను.

అన్మెల్డుంగ్ అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించాలన్నది రూలు. దానికి ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. ఆ ఒక్కటీ లేకపోతే మిగతా పనులన్నీ ఆగిపోతాయి. ట్యాక్స్ నంబరు ఆ అడ్రస్‌కే పోస్టులో వస్తుంది. నంబరు లేకుండా నెలలు గడిస్తే జీతంలోంచి ఎక్కువ రేటున పన్ను కోసేస్తారు. తర్వాత రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ చేతిలో డబ్బుల్లేనిది ఇప్పుడు కదా! రెసిడెన్స్ పర్మిట్‌కీ, చాలా బ్యాంకుల్లో అకౌంట్‌కీ ఆ కాగితమే అడుగుతారు.

నెలకు 150 మిగులుతాయని ఆశపడి రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న, 'మీ అడ్రస్ కాగితం ఏది?' చివరికి ఎక్కువ అద్దెకే వేరే గదికి మారాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

అందుకే అద్దె ఎంత అని అడిగేముందు అన్మెల్డుంగ్ అవుతుందా అని అడగండి. కాదంటే ఎంత చవకైనా వదిలేయండి.

ప్రకటన ఎలా చదవాలి?

'రెండు గదులు' అంటే మన డబుల్ బెడ్రూం అనుకునేరు! అక్కడ హాలు కూడా ఒక గదే. అంటే మన సింగిల్ బెడ్రూం అన్నమాట.

అద్దెలు రెండు రకాలు. 'కాల్ట్‌మీటె' అంటే చల్లటి అద్దె, ఒట్టి ఇంటికి. 'వార్మ్‌మీటె' అంటే వెచ్చటి అద్దె, హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపి. కరెంటు, ఇంటర్నెట్ మామూలుగా ఇందులోనూ ఉండవు. ఇంట్లో టీవీ లేకపోయినా రేడియో, టీవీ ఫీజు కింద ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలి. నలుగురు కలిసి ఉంటే నలుగురికీ కలిపి ఒక్కటే ఫీజు.

డిపాజిట్ మూడు నెలల చల్లటి అద్దె దాటకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టుకునే హక్కు చట్టమే ఇచ్చింది. అడగడానికి మొహమాటపడకండి.

ఇంకో షాక్ ఏంటంటే, చాలా ఇళ్లలో కిచెన్ పేరుతో ఖాళీ గదే ఉంటుంది. సింకు, పొయ్యి ఏవీ ఉండవు. లైట్లు కూడా పాతవాళ్లు పట్టుకెళ్లిపోతారు. పైన వైర్లు వేలాడుతుంటాయి.

మరి ఎక్కడ ఉండాలి?

మొదటి మూడు నెలలు సొంత ఫ్లాట్ ఆలోచన పెట్టుకోవద్దు. సామాన్లున్న గది గానీ, షేరింగ్ ఫ్లాట్‌లో గది గానీ చాలు. కొన్నాళ్లు ఉండటానికి చోటు ఇప్పించగలరా అని కంపెనీ హెచ్‌ఆర్‌ని అడగండి. ఈలోగా మూడు జీతం స్లిప్పులు చేతికొస్తాయి. ఇంటి ఓనర్లు చూసేది అవే.

తర్వాత ఆఫీసుకి వారంలో ఎన్ని రోజులు వెళ్లాలో లెక్కేసుకోండి. మ్యూనిక్ పక్కన ఆగ్స్‌బర్గ్‌లో అద్దెలు తక్కువ. మామూలు రైల్లో ముప్పావుగంట. దేశమంతా లోకల్ బస్సులు, మెట్రోలు, మామూలు రైళ్లు ఎక్కనిచ్చే 'డాయిచ్‌లాండ్ టికెట్' 2023లో 49 యూరోలతో మొదలైంది, 2026లో నెలకు 63 అయింది. వారానికి రెండ్రోజులే ఆఫీసైతే ఆగ్స్‌బర్గ్ బేరం లాభమే. ఐదు రోజులూ వెళ్లాలంటే, శీతాకాలంలో చీకట్లో వెళ్లి చీకట్లో ఇంటికొస్తారు. అద్దెలో మిగిలిన డబ్బు ఆ అలసట ముందు కనిపించదు.

'మనవాళ్లు ఎక్కువున్న ఏరియా చెప్పు' అన్నాడు వాడు. తప్పేం లేదు. ఆదివారం షాపులన్నీ మూసేసి, బయట మంచు పడుతుంటే పప్పన్నం పెట్టి తెలుగులో పలకరించే మనిషి విలువ తెలుస్తుంది. కానీ అలాంటివాళ్లు అరగంట ట్రామ్ దూరంలో ఉన్నా సరిపోతుంది. ఇంట్లో అందరూ తెలుగువాళ్లే అయితే రెండేళ్లయినా జర్మన్ నోటికి రాదు. ఇది కూడా నా అనుభవమే!

బుధవారం వాడి మెసేజ్ వచ్చింది. కంపెనీవాళ్లు రెండు నెలలకు గది చూపిస్తామన్నారట, అన్మెల్డుంగ్‌తో సహా. ఆ లండన్ ఓనరుని వీడియో కాల్‌లో ఇల్లు చూపించమంటే మళ్లీ రిప్లై లేదట.

పిన్ని గాజులు పిన్ని చేతికే ఉన్నాయి.