దారి చెప్పే పెట్టె

దారి అడిగితే మన ఊళ్ళలో లభించే మర్యాద ఇంతా అంతా కాదు. ఏ పొలిమేరలోనైనా బండి ఆపి, "ఫలానా ఊరికి ఎటు వెళ్ళాలండీ?" అని అడగండి. అరుగుమీద ఒకాయన లేచి తూర్పు చూపిస్తాడు. రెండో ఆయన, "అంత చుట్టెందుకూ, కాలవగట్టు మీదుగా పోతే దగ్గర గదా" అని ఉత్తరం చూపిస్తాడు. మూడో ఆయన మీరెవరి తాలూకో, ఎవరింటికి వెళుతున్నారో కనుక్కున్న తరవాత గాని దారి సంగతి ఎత్తడు. దూరమెంత అంటే, "ఎంతోనా? కూతవేటు" అంటారు. ఆ కూత వేసినవాడి గొంతు ఎంత పెద్దదో వెళ్ళినవాడికే తెలుస్తుంది.

ఈ మర్యాదలన్నీ ఇప్పుడు అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి తన మీద వేసుకున్నది. కార్లలో అది చేరి చాలాకాలమయింది. ఇప్పుడు మోటారు సైకిలు హాండిలుమీద కూడా ఎక్కి కూర్చున్నది. మొన్న వేసవికి మా మేనల్లుడు వచ్చి నా బండికి ఒక స్టాండు బిగించి, అందులో ఫోను ఇరికించి, "మామయ్యా, ఇక నువ్వు ఎవర్నీ దారి అడగక్కర్లేదు" అన్నాడు. రాజమహేంద్రవరం చుట్టుపక్కల పాతికేళ్ళుగా అడుగుతూ తిరిగిన మనిషిని నేను. అయినా సరే, నేర్చుకుందామని కూర్చున్నాను. వారం రోజులు పట్టింది. నేర్చుకున్నది నలుగురికీ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా వదులుకోవలసిన భ్రమ ఒకటి వుంది. ఆకాశంలోంచి ఉపగ్రహం మనల్ని చూసి దారి చెబుతుందని చాలామంది అనుకుంటారు. పాపం, మనం వున్నామన్న సంగతే దానికి తెలియదు. జి.పి.యస్. అనే అమెరికావారి ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ వుంటాయి. "ఇప్పుడు టైమింత, నేనున్నది ఫలానా చోట" అని ఒక్కొక్కటీ రేడియోలో చెప్పుకుంటూ పోతుంది, అంతే. ఆ మాట మనకు చేరడానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. గోదావరి రేవులో దూరంగా ఎవరో బండమీద బట్టలు ఉతుకుతూ వుంటే దెబ్బ ముందు కనిపిస్తుంది, చప్పుడు తరవాత వినిపిస్తుంది. ఎంత ఆలస్యమైతే అంత దూరమన్నమాట. మన పెట్టె వేసే లెక్క అలాంటిదే. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలుతుంది. కాని పెట్టెలోని గడియారం చవకరకం గనక దాన్ని సరిదిద్దడానికి నాలుగోది కూడా కావాలి.

గడియారం మీద అంత పట్టుదల ఎందుకంటారా? సెకనును పది లక్షల వంతులు చేసి అందులో ఒక్క వంతు తప్పితే, మనమున్న చోటు 300 మీటర్లు తప్పుతుంది. అందుకే ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెట్టారు. ఐన్‌స్టీన్ చెప్పిన లెక్క ప్రకారం ఆ ఎత్తున, ఆ వేగాన కాలం మన కాలం కంటె కాస్త ముందుకు నడుస్తుంది. రోజుకు 38 వంతులు. దాన్ని సర్దకపోతే ఒక్కరోజులోనే పది కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది. సామర్లకోటలో వున్న మనిషిని పెద్దాపురం దాటించేస్తుంది!

ఇది యుద్ధం కోసం పుట్టిన విద్య. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. 1983లో కొరియా విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనంలోకి పోయి, కూల్చివేతకు గురై 269 మంది చనిపోయారు. ఆ తరవాతనే దీన్ని మామూలు జనానికి కూడా ఇస్తామని అమెరికా ప్రకటించింది. ఇచ్చినా, కావాలని మసకచేసి ఇచ్చేవారు. ఆ మసక 2000 మే నెలలో తీశారు. మనవాళ్ళూ ఊరుకోలేదు. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి మన సొంత వరసలో మొదటి ఉపగ్రహాన్ని పంపారు. దాని పేరు ఇప్పుడు నావిక్.

ఇక బండి సంగతికి వద్దాం. మేనల్లుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళాను. బయలుదేరే ముందే వాడు ఆ ప్రాంతపు మ్యాపు మొత్తం ఫోనులోకి దింపించాడు. ఎందుకో అడవిలోకి వెళ్ళాక తెలిసింది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాటు ఎక్కితే చాలాచోట్ల సెల్ సిగ్నలు వుండదు. ఉపగ్రహం మాట వినడానికి సెల్ టవరుతో పనిలేదు, మనం ఎక్కడున్నామో పెట్టెకు తెలుస్తూనే వుంటుంది. కాని చుట్టూ గీయవలసిన మ్యాపు మాత్రం టవరు ద్వారానే రావాలి. అది ముందే దింపుకోకపోతే, తెల్లకాగితం మధ్య ఒక నీలిచుక్క కనిపిస్తుంది. ఆ చుక్క మనమే. అంతకుమించి చెప్పేందుకు దానిదగ్గర ఏమీ వుండదు.

ఇంకొక సంగతి. బండి నిలబెట్టి వున్నప్పుడు బాణం గుర్తు ఎటు చూపినా నమ్మనక్కరలేదు. మన మొహం ఎటువుందో ఉపగ్రహాలు చెప్పలేవు. నాలుగు గజాలు కదిలితే, అక్కణ్ణించి ఇక్కడికి వచ్చాడు గనక ఇటు పోతున్నాడని పెట్టె గ్రహిస్తుంది. అందుచేత మొదటి మలుపు ఎటో బయలుదేరక ముందే మన బుర్రలో వుండాలి.

మలుపు దాటిపోతే పెట్టె కసురుకోదు, మారుమాట లేకుండా కొత్తదారి వెతుకుతుంది. ఆ ఓర్పు మనకూ వుండాలి. దాటిన మలుపు కోసం గభాలున బ్రేకు వేయడం, నడిరోడ్డు మీద వెనక్కి తిరగడం లారీవాడి ఓర్పును పరీక్షించడమే.

అన్నిటికంటె ముఖ్యమైనది చూపు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు తెరమీద చూపు నిలిపామంటే ఆ 50 మీటర్లూ కళ్ళు మూసుకుని నడిపినట్టే. కారులో అయితే చుట్టూ ఇనుము వుంది. మనకు వున్నది ఒక్క హెల్మెట్టు. పైగా మన ఎండకు తెర సరిగా కనిపించదు, ఫోను కాగి తానే మసకబారుతుంది. వానచినుకు పడితే దాన్నే వేలనుకుని తోచినట్టు ఆడుతుంది. పెద్ద ఇంజన్ల అదురుకు ఫోను కెమేరాలు చెడిపోవచ్చునని ఆపిల్ కంపెనీవారే 2021లో హెచ్చరించారు. అదురు పీల్చే రబ్బరు స్టాండ్లు దొరుకుతాయి. అన్నిటికీ మేలయిన ఉపాయం చెవి. హెల్మెట్టులో అమరే చిన్న స్పీకరు పెట్టుకుంటే అది చక్కగా తెలుగులోనే చెబుతుంది. వెనక హారను వినపడేంత నెమ్మదిగా పెట్టుకోవాలి. 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధన కూడా ఇదే అంటున్నది: నడిపేటప్పుడు ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా వాడుకోవాలి.

ఇంత చదువుకున్న పెట్టెకు తెలియనిది ఒకటే, రోడ్డు ఇవాళ ఎలా వున్నదనేది. బండి రకం మోటారు సైకిలని చెప్పకపోతే హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు ఎక్కమంటుంది. ద్విచక్రాలకు అక్కడ ప్రవేశం లేదు. వరదరోజుల్లో లంక గ్రామాల కాజ్‌వేలు నీటిలో మునిగి వున్నా, మ్యాపులో ఆ గీత పొడిగానే వుండవచ్చు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ముగ్గురు మ్యాపు చూసుకుంటూ కారులో వంతెన ఎక్కారని పత్రికలు రాశాయి. ఆ వంతెన కొంత భాగం అంతకు ముందే వరదకు పోయింది. కారు రామగంగలో పడి ముగ్గురూ చనిపోయారు. వాళ్ళు ఎక్కడున్నారో పెట్టె సరిగానే చూపి వుంటుంది. ముందు వంతెన లేదన్నది మాత్రం దానికి తెలియదు.

కాబట్టి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని దారి మొత్తం ఒకసారి చూస్తాను. మధ్యలో వచ్చే మూడు నాలుగు ఊళ్ళ పేర్లు గుర్తు పెట్టుకుంటాను. పెట్టె చెప్పేది విని, రోడ్డు చూస్తాను. చీకటిపడితే దగ్గరదారి చూపినా పెద్దరోడ్డు వదలను. రోడ్డు సన్నబడి, చాలాసేపటిదాకా ఎదురుగా ఒక్క బండి కూడా రాకపోతే ఇంజను ఆపేస్తాను. ఎక్కడో టీకొట్టు వుంటుంది, లేదా అవతలినుంచి ఆర్టీసీ బస్సు వస్తుంది. ఆ డ్రైవరు నిన్నకూడా అదే దారిన వచ్చినవాడు. అతన్ని అడుగుతాను. మీరెవరి తాలూకు అని అడిగితే, అదీ చెబుతాను.