జాయింట్ అకౌంటు

పోయిన సంచికలో ఈ శీర్షిక రాలేదేమని మన బరంపురం మిత్రులు కొందరు అడిగారు. కారణం నా కుడి చీలమండ.

మూడేళ్ళుగా అది తరచు మడతపడేది. బెణుకే కదా అని పట్టీ చుట్టుకుని బ్యాంకుకు పోయేవాణ్ణి. చివరికి చూపిస్తే, బయటివైపు లిగమెంటు సాగి వదులైపోయిందన్నారు. కొన్ని నెలలు వ్యాయామాలతో ప్రయత్నించినా పట్టు రాలేదు. అలా వదులైన లిగమెంటును బిగించి కుట్టే పద్ధతిని బ్రోస్ట్రోమ్ అనే స్వీడన్ వైద్యుడు 1966లో ప్రకటించాడు. 1980లో గౌల్డ్ అనే వైద్యుడు దానికి అదనపు బలం చేకూర్చాడు. నాకు చేసింది ఆ ఆపరేషనే.

ఇక నెల రోజులు సెలవు పెట్టి పడుకుంటే చాలుననుకున్నాను. సర్జను గారు నవ్వి, "నా పని గంటన్నర. మీ పని నాలుగు నెలలు" అన్నారు.

ఎప్పుడు ఎంత బరువు మోపాలో ఆయన చెప్పేవారు. కుట్లు, వాపు నర్సమ్మ చూసేది. కదలికలు నేర్పేది ఫిజియోథెరపిస్టు, మా పెద్దమ్మాయి వయసున్న ఒడియా పిల్ల. ఇంట్లో కాపలా మా ఆవిడది. అందరికీ కలిపి ఒకటే కాగితం. మొదట బూటు, చంకకర్రలు. పాదం లోపలికి తిరగకూడదు. తర్వాత రబ్బరు పట్టీని పాదంతో బయటికి లాగడం. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడటం. కీలు ఎటు ఒరుగుతోందో మెదడుకు కబురందించడం కూడా లిగమెంటు పనేనట. దెబ్బతిన్నాక ఆ కబురు సరిగా అందదు కనుక మళ్ళీ నేర్పాలి.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క దొంగ పద్దు రాయని నేను, ఆ కాగితంలో మాత్రం చేయని వ్యాయామాలకు కూడా టిక్కులు పెట్టాను. టిక్కులు నమ్మి ఆ పిల్ల నన్ను మెత్తటి దిండు మీద ఒంటికాలిపై నిలబెట్టింది. తూలిపోయాను. తనే పట్టుకుంది గాని, సాయంత్రానికి కాలు వాచింది. "నేనే తొందరపడ్డాను" అని సర్జను గారికి రాసి పంపింది.

రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆవిడ ఒక్కమాటే అంది. "మీ తప్పు ఆ పిల్ల మీద పడింది. రేపు మీరే చెప్పండి."

చెప్పాను. ఆడిట్ ముందు కూడా నా గొంతు అంతగా తడబడలేదు. ఆ పిల్ల కోప్పడలేదు. దొంగ టిక్కులు నా చేతనే కొట్టేయించి, "రెండు వారాలు వెనక్కి పోదాం, మౌసా" అంది. సర్జను గారికి నిజం నేనే రాసిచ్చాను.

అప్పటినుంచి రోజూ ఉదయం వంటగట్టు పట్టుకుని, పాలు పొంగేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. టిక్కు పెట్టే పెన్సిలు మా ఆవిడ చేతిలోనే ఉండేది. మొన్న బడా బజారు దాకా కర్ర లేకుండా నడిచి వచ్చాను.

ఇది ఏ ఒక్కరి సంతకంతోనో నడిచే ఖాతా కాదు, అందరి సంతకాలూ కావాలి. మీలో ఎవరి కాలైనా పదేపదే మడతపడుతుంటే నాలా మూడేళ్ళు ఆగకండి, వైద్యునికి చూపించండి. చెప్పిన వ్యాయామం చేయని రోజున చేయలేదనే రాయండి. ఆ ఒక్క ఖాళీ గడి చూసి మీ తర్వాతి అడుగు నిర్ణయించేవారు మరొకరున్నారు.