వీఎం లేవట్లేదా? ముందు స్టార్ట్ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి

నాస్ బాక్స్ కొనేటప్పుడు ఎన్ని డ్రైవ్‌లు పడతాయి, స్పీడ్ ఎంత, యాప్ ఎలా ఉంది అని చూస్తాం. "వర్చువల్ మెషీన్ సపోర్ట్" అని కూడా రాసుంటే బోనస్ అనుకుంటాం. కరెంటు పోయి వచ్చాక ఆ వీఎం దానంతటది లేస్తుందో లేదో చెప్పని రివ్యూ నా దృష్టిలో సగం రివ్యూనే.

గుడివాడలో మా మామయ్యకి ఎరువుల కొట్టుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ కోసం వాళ్ల 8 జీబీ నాస్‌లో 4 జీబీ కేటాయించి విండోస్ వీఎం పెట్టింది నేనే. కొన్ని నెలలు బాగా నడిచింది. ఈలోగా అదే బాక్స్‌లో సీసీ కెమెరాల రికార్డింగ్, ఫొటోల కంటైనర్ కూడా వేశాను. ఓ సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. తిరిగొచ్చాక వీఎం లేవలేదు.

"అల్లుడూ, ఎల్లుండి పదకొండో తారీఖు, జీఎస్‌టీఆర్-1 వెయ్యాలి. ఇక్కడ కుర్రాడు పాతది డిలీట్ చేసి కొత్తది పెడతానంటున్నాడు."

"మామయ్యా, వాణ్ని ఏదీ ముట్టుకోవద్దని చెప్పండి!"

చాలా నాస్‌లలో వీఎం డిలీట్ చేస్తే దాని వర్చువల్ డిస్క్ కూడా పోతుంది. అంటే మూడేళ్ల లెక్కలు గాల్లో కలిసేవే.

విజయవాడ నుంచే లాగిన్ అయి లాగ్ తెరిచాను. మెమరీ చాలట్లేదని ఒకే లైను. కరెంటు రాగానే కెమెరాలు, కంటైనర్ ముందు లేచి ర్యామ్ పట్టేసుకున్నాయి. వీఎంకి కావలసిన 4 జీబీ మిగల్లేదు. ఆ రెండూ ఆపి స్టార్ట్ నొక్కితే విండోస్ డిస్క్ చెక్ చేసుకుని లేచింది. తప్పు బాక్స్‌ది కాదు, నాది.

మీకూ ఇలా జరిగితే ఈ వరసలో చూడండి. మొదట లాగ్ చదవండి. తర్వాత ఖాళీ ర్యామ్, ఆ తర్వాత వాల్యూమ్‌లో ఖాళీ స్థలం. స్నాప్‌షాట్‌లు పేరుకుపోయి వాల్యూమ్ నిండినా వీఎం మొండికేస్తుంది. ఈమధ్య డిస్క్ కంట్రోలర్ గానీ, బూట్ మోడ్ గానీ మార్చారేమో గుర్తు చేసుకోండి. విర్ట్‌ఐఓ డ్రైవర్ లేని విండోస్‌కి ఆ కంట్రోలర్ ఇస్తే బ్లూ స్క్రీనే. డిలీట్ జోలికి మాత్రం పోవద్దు.

కంపెనీలూ స్పెక్ షీట్‌లో కాస్త నిజాయితీగా ఉండాలి. 2020లో వచ్చిన సైనాలజీ డీఎస్220 ప్లస్‌నే తీసుకోండి. వీఎం ప్యాకేజీ సపోర్ట్ ఉంది, బాక్స్‌లో వచ్చే ర్యామ్ 2 జీబీ. విండోస్ 11కి కనీసం 4 జీబీ కావాలని మైక్రోసాఫ్టే చెబుతోంది. అదనపు ర్యామ్ ఖర్చు కలపకుండా రేటు చూసి మురిసిపోతే ఎలా?

"ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా" అంటారు. బ్యాటరీ అయిపోతోందని మామూలు ఇన్వర్టర్ నాస్‌కి చెప్పదు. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన యూపీఎస్ చెబుతుంది, నాస్ పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. మామయ్య కొట్లో ఇప్పుడు అదే పెట్టాం. కంటైనర్‌కి ర్యామ్ లిమిట్ కూడా పెట్టాను.

ఇంకోటి. స్నాప్‌షాట్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో నాస్ మునిగితే అందులోని స్నాప్‌షాట్ కూడా దాంతోపాటే మునుగుతుంది. వీఎం కాపీ ఒకటి వేరే ఊళ్లోనో, క్లౌడ్‌లోనో ఉండాల్సిందే.

ఈ ఆదివారం మీ నాస్‌ని ఓసారి పద్ధతిగా రీస్టార్ట్ చేయండి. వీఎం దానంతటదే లేస్తే సరే. లేవకపోతే, గాలివాన రాకముందే తెలిసిందని సంతోషించండి.