సుంకం సున్నా... అయినా 27 దేశాలు తీసేశాం!

2020 డిసెంబరు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. లాక్‌డౌన్ పుణ్యమా అని భీమవరంలో మా ఇంట్లో, డాబా మీద గదిలో కూర్చుని వర్క్ ఫ్రమ్ హోమ్. మా క్లయింట్ బ్రిటన్‌లో పిల్లల బట్టలు అమ్మే చిన్న కంపెనీ. పట్టుమని ఇరవై మంది ఉండరు. ఐర్లండ్, జర్మనీ, ఫ్రాన్స్‌లలో ఉన్న చిన్న షాపులకు పెట్టెల లెక్కన సరుకు పంపేవాళ్లు. వాళ్ల ఆర్డర్ సాఫ్ట్‌వేర్ మా టీమ్ చూసేది.

డిసెంబరు 24న బ్రిటన్‌కీ యూరోపియన్ యూనియన్‌కీ వాణిజ్య ఒప్పందం కుదిరిందని వార్త వచ్చింది. సుంకాలు సున్నా, కోటాలు సున్నా అన్నారు. హమ్మయ్య అనుకున్నా. సుంకం లేదంటే మనకు పని కూడా లేనట్టే అని టీమ్ గ్రూప్‌లో ఒక మీమ్ పెట్టా. అది ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. కనబడినప్పుడల్లా సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆ ఒప్పందం 1,200 పేజీల పైనే. అమల్లోకి రావడానికి మిగిలింది వారం. అందులో ఎవరూ మీమ్స్ చేయని ఒక మాట ఉంది. సుంకం సున్నా అన్నది బ్రిటన్‌లో లేదా ఈయూలో 'పుట్టిన' సరుకుకే.

బ్రెగ్జిట్ అంటే చాలామందికి 2016 జూన్ 23 రెఫరెండం గుర్తొస్తుంది. 51.9 శాతం మంది వెళ్లిపోదాం అన్నారు, తెల్లారేసరికి పౌండ్ విలువ డాలరుతో పోలిస్తే 1985 తర్వాత ఎప్పుడూ లేనంత కిందికి పడింది. 2020 జనవరి 31న అధికారికంగా బయటికొచ్చారు. కానీ ఆ ఏడాదంతా పాత రూల్సే నడిచాయి. అసలు తెగింది 2021 జనవరి 1న.

అంతకుముందు లండన్ నుంచి పారిస్‌కి సరుకు పంపడం అంటే విజయవాడ నుంచి హైదరాబాద్ పంపినట్టే. లారీ ఎక్కించు, పంపించు. జీఎస్టీ రాకముందు మన రాష్ట్రాల సరిహద్దుల్లో చెక్‌పోస్టులు, లారీల బారులు ఎలా ఉండేవో ఇంట్లో పెద్దవాళ్లనడిగితే చెప్తారు. మనం 2017లో ఆ చెక్‌పోస్టులు ఎత్తేశాం. బ్రిటన్ మూడున్నరేళ్ల తర్వాత కొత్తగా కట్టుకుంది.

మా సాఫ్ట్‌వేర్‌లోకి కొత్త కాలమ్స్ వచ్చాయి. ఈఓఆర్ఐ నంబర్, ప్రతి వస్తువుకూ కస్టమ్స్ కోడ్, బరువు, ఏ దేశంలో తయారైంది. ఈ చివరి దాని దగ్గరే నేను బోల్తా పడ్డా. సరుకు బ్రిటన్ గోదాము నుంచే వెళ్తోంది కదా అని 'తయారైన దేశం' కాలమ్‌లో డిఫాల్ట్‌గా జీబీ అని పెట్టేశా. టెస్టింగ్‌లో క్లయింట్ వైపు గోదాము చూసే ఆవిడ పట్టుకుంది. సరుకు ఎక్కడి నుంచి బయల్దేరిందో కాదు, ఎక్కడ కుట్టారో రాయాలట. వాళ్ల బట్టల్లో ఎక్కువ భాగం చైనాలో కుట్టినవి! అంటే బ్రిటన్‌లోకి వచ్చేటప్పుడు ఒకసారి సుంకం కట్టారు. అదే గౌను జర్మనీలో షాపుకి పంపితే ఈయూ మళ్లీ వేస్తుంది, బట్టల మీద 12 శాతం దాకా. ఒప్పందంలో ఉన్న సున్నా వీళ్లకు వర్తించదు. నా డిఫాల్ట్ అలాగే లైవ్‌లోకి వెళ్లుంటే ప్రతి పెట్టె మీదా తప్పుడు డిక్లరేషన్ ఉండేది.

జనవరిలో పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. ఐర్లండ్‌లో షాపు వాళ్లకు కొరియర్ వాడు ఫోన్ చేసి సుంకం, వ్యాట్, పైగా క్లియరెన్స్ ఫీజు కట్టమంటే వాళ్లు మాకొద్దు పొమ్మన్నారు. వెనక్కి తెప్పించుకోవాలన్నా మళ్లీ కాగితాలే. వెనక్కి తేవడం కంటే అక్కడే తగలబెట్టడం చవక అని కొందరు బ్రిటిష్ రిటైలర్లు లెక్కలేసుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. చదివి నవ్వలేకపోయా.

ఆ వేసవిలో క్లయింట్ నుంచి ఒక టికెట్ వచ్చింది. 'దేశాల డ్రాప్‌డౌన్‌లోంచి ఈయూ దేశాలు తీసేయండి.' కారణం రాయలేదు, ప్రయారిటీ లో. నాకు పది నిమిషాల పని. లిస్టులోంచి 27 పేర్లు డిలీట్ చేసి, టెస్ట్ చేసి, టికెట్ క్లోజ్ చేశా. ఆ పది నిమిషాల్లో ఏళ్ల తరబడి కట్టుకున్న కస్టమర్లు పోయారని అప్పుడు నాకు తట్టలేదు. ఇంకో టికెట్ ఓపెన్ చేశా, అంతే.

చాలా రోజుల తర్వాత, 2024 డిసెంబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకుల అధ్యయనం ఒకటి చదివా. ఈ ఒప్పందం వల్ల సుమారు 16,400 బ్రిటిష్ కంపెనీలు ఈయూకి ఎగుమతులు పూర్తిగా మానేశాయని అంచనా. దాదాపు అన్నీ చిన్నవే. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి. వాళ్లకు కస్టమ్స్ చూసే డిపార్ట్‌మెంటే ఉంటుంది. ఒక ఫారం నింపే ఖర్చు పది పెట్టెలకైనా పది వేల పెట్టెలకైనా దాదాపు ఒకటే కాబట్టి దెబ్బ మొత్తం పది పెట్టెలవాడి మీదే పడుతుంది. ఆ 16,400లో ఒకదాన్ని నేనే డ్రాప్‌డౌన్‌లో క్లోజ్ చేశానేమో!

ఇంకా విచిత్రాలున్నాయి. చెషైర్‌లో ఒక చీజ్ కంపెనీ యూరప్‌లో ఇళ్లకు గిఫ్ట్ ప్యాక్‌లు పంపేది. ప్యాక్ ధర 25, 30 పౌండ్లు. 2021లో ఒక్కో ప్యాక్‌కి పశువైద్యుడి సంతకంతో హెల్త్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది, దానికి 180 పౌండ్లు. వేల్స్ ఆల్చిప్పల వాళ్లదీ అదే గోల. కొన్ని రకాల నీళ్లలో పెరిగినవి ప్రాణంతో ఈయూకి పంపడానికే వీల్లేకుండా పోయింది. స్కాట్లండ్ చేపల వ్యాపారులైతే 2021 జనవరిలో లారీలు తెచ్చి లండన్‌లో ప్రధాని ఆఫీసు దగ్గర్లో నిలబెట్టారు. మొదటి రోజుల్లో డచ్ కస్టమ్స్ వాళ్లు లారీ డ్రైవర్ల హ్యామ్ శాండ్‌విచ్‌లు కూడా తీసేసుకున్నారు. మాంసం కదా, రూల్ రూలే.

పెద్దవాళ్లకూ పుట్టుక తలనొప్పి తప్పలేదు. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ ఆసియా నుంచి వస్తే ఆ కారు 'స్థానికం' కాకుండా పోయి 10 శాతం సుంకం పడే రూల్ 2024లో రావాల్సింది. కార్ల కంపెనీలన్నీ మొత్తుకుంటే 2026 చివరి దాకా వాయిదా వేశారు. చూశారా, పెద్దవాళ్లు మొత్తుకుంటే వాయిదా. గిఫ్ట్ ప్యాక్ వాడు మొత్తుకుంటే ఒక ఇంటర్వ్యూ.

ఈయూ మొదటి రోజు నుంచే తనిఖీలు పెట్టింది. బ్రిటన్ మాత్రం తనవైపు దిగుమతుల తనిఖీలు ఐదుసార్లు వాయిదా వేసి, చివరికి 2024లో మొదలుపెట్టింది. దిగుమతి చేసుకునే ఆహారంలో ఎక్కువ భాగం అటునుంచే రావాలి మరి, భయం ఉంటుంది. అయినా 2021 చివరికి రెండేళ్లలో సగటు కుటుంబం తిండి ఖర్చు బ్రెగ్జిట్ వల్ల 210 పౌండ్లు పెరిగిందని ఎల్‌ఎస్‌ఈ వాళ్లదే ఇంకో లెక్క.

అలాగని అంతా మునిగిపోయిందని చెప్పను. కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధం కలిసిపోవడంతో ఏ నష్టం దేనిదో విడదీయడం కష్టం. సాఫ్ట్‌వేర్, కన్సల్టింగ్ లాంటి సర్వీసుల ఎగుమతులు బాగానే పెరిగాయి. మన నిర్ణయాలు మనం తీసుకోవాలి అని ఓటేసినవాళ్లను వెక్కిరించడం కూడా నాకు నచ్చదు. కానీ బ్రిటన్ ప్రభుత్వ లెక్కలు చూసే ఓబీఆర్ సంస్థే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందంటోంది. మనతో 2025 జులై 24న సంతకం చేసిన ఒప్పందం వల్ల వాళ్ల జీడీపీకి చేరేది 0.13 శాతం, అదీ వాళ్ల ప్రభుత్వం అంచనాయే. పక్కింటివాడితో పోగొట్టుకున్నది ఇంత దూరంలో ఉన్న మనతో పూడ్చుకోవడం అయ్యే పని కాదు. అందుకే 2025 మేలో మళ్లీ ఈయూతో కూర్చుని, ఆహార తనిఖీలు తగ్గించుకుందామని మాట్లాడుకున్నారు. చేపల వేటకు ఈయూ పడవలకు ఇంకో పన్నెండేళ్లు అనుమతి ఇచ్చి మరీ.

ఆ ఇండియా ఒప్పందం వార్త వచ్చినప్పుడు నేను ఊళ్లో ఉన్నా. మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. సముద్ర ఉత్పత్తుల మీద బ్రిటన్ సుంకం తీసేస్తుందని టీవీలో విన్నాడు. వచ్చే నెలలోనే అమెరికా సుంకం 50 శాతానికి చేరి ఇక్కడ రేట్లు పడబోతున్నాయని అప్పటికి మాకెవరికీ తెలీదు.

"ఏరా, ఇంగ్లండోడు సుంకం ఎత్తేశాడంట. మరి మన కౌంటుకి రేటు పెరుగుద్దంటావా?" అన్నాడు.

నేను మీమ్ పెట్టే స్టేజీ దాటేశా కదా. పట్టుబడికి ముందు యాంటీబయోటిక్ టెస్టు రిపోర్టు, చెరువు రిజిస్ట్రేషన్, హెల్త్ సర్టిఫికెట్, ఎక్కడ పెరిగిందో రుజువు... వీటిలో నీ దగ్గర ఏమేం ఉన్నాయి బాబాయ్ అని అడిగా.

"అయ్యన్నీ ప్లాంటోడి దగ్గరుంటాయి రా. నా దగ్గర చెరువుంది" అన్నాడు. కాసేపాగి, "రేటు చెప్పేది కూడా వాడేగా" అని మేత వేయడానికి లేచి వెళ్లాడు.