ఆ పాట మనకెందుకు?

గత సంవత్సరం వార్షికోత్సవంలో పాటల పోటీకి పేర్లు నమోదు చేసుకుంటున్న సమయంలో ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి, తన పేరు సగమే వ్రాసుకొమ్మని కోరాడు. కారణమడిగితే, "ఇంగ్లీషు పాట పాడుతున్నాను సార్. పూర్తి పేరు చదివితే, ఈ పాట వీడికెందుకని నవ్వుతారు" అన్నాడు. అక్కడే కూర్చున్న పెద్దలొకరు, "పేరు సంగతి అటుంచు బాబూ, అసలా పాటే మనకెందుకు?" అన్నారు. ఒకరిది తన పేరు పాటకు తగదన్న సంకోచం. మరొకరిది ఆ పాటే మనకు తగదన్న ఆక్షేపణ. ఈ రెండింటికీ ఒకే రికార్డు సమాధానం చెప్పగలదని నా విశ్వాసం.

ఆ రికార్డు పేరు 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా'. క్వీన్ అనే బ్రిటిష్ బృందం 1975 నవంబరులో వెలువరించిన నాలుగవ ఆల్బమ్ అది. తళుకుల దుస్తులు ధరించి, ముఖానికి రంగులు పూసుకొని వేదికనెక్కే 'గ్లామ్ రాక్' అనే పోకడ ఇంగ్లండులో 1970వ దశకపు తొలి సంవత్సరాలలో వెల్లివిరిసింది. క్వీన్ ఆ వాతావరణంలోనే పైకి వచ్చింది. ఆ వేషం చూచి ముఖం చిట్లించేవారు ఒక్కక్షణం మన నాటకరంగాన్ని స్మరించుకోవాలి. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూపారు; 1956లో పద్మశ్రీ పురస్కారం పొందారు. పురుషుడు చీర కట్టి నటిస్తే కళ అని మెచ్చుకొన్న మనం, ఇంకొక దేశపు గాయకుడు తళుకుల చొక్కా తొడిగితే వెకిలితనమనడం న్యాయమేనా? వేషం వెనుక విద్య ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

విద్య ఉన్నదనడానికి ఈ ఆల్బమే సాక్ష్యం. 1975 ఆగస్టు నుండి నవంబరు వరకు పలు స్టూడియోలలో వారు దీనికై శ్రమించారు. ఇందులోని 'బొహీమియన్ రాప్సొడి' పాటలో వినిపించే మహాబృందగానం నిజానికి ముగ్గురి కంఠాలే. ఒకసారి పాడినదానిపై మరొకసారి, దానిపై వేరొకసారి పాడి చేర్చుకుంటూ పోగా పోగా, టేపు అరిగిపోయేంతవరకు వచ్చిందట. దాదాపు ఆరు నిమిషాల పాటను రేడియోలో ఎవరు వేస్తారని పెదవి విరిచినవారున్నారు. అది బ్రిటన్‌లో వరుసగా తొమ్మిది వారాలు ప్రథమస్థానంలో నిలిచింది.

ఈ ఆల్బమ్‌లోని పాటలను నలుగురు సభ్యులూ వ్రాశారు. ఒకటి వీణాజాతికి చెందిన హార్ప్ నాదంతో సాగే ప్రేమగీతం. ఒకటి పాతకాలపు వినోదశాలల బాణీ. ఒకటి ఎనిమిది నిమిషాలకు పైగా సాగే ప్రళయవర్ణన. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు 'థర్టీనైన్' అనే పాటను ప్రత్యేకంగా వినాలి. అంతరిక్షయాత్రకు వెళ్ళినవారు తమకు ఒక్క ఏడాదే గడిచిందనుకొని తిరిగివచ్చేసరికి భూమిపై తరాలే మారిపోవడం అందులోని ఇతివృత్తం. సాపేక్ష సిద్ధాంతం చెప్పే కాలభేదాన్ని కన్నీటి కథగా మలచిన బ్రయాన్ మే ఖగోళభౌతిక శాస్త్ర విద్యార్థి. సంగీతం కోసం ఆపిన పరిశోధనను పూర్తిచేసి 2007లో డాక్టరేట్ పొందాడు. ఆయన వాయించే గిటారు కూడా కొన్నది కాదు. పాత నెగడు చట్రపు కలపతో తండ్రితో కలిసి స్వయంగా చేసుకొన్నది. సాధనాలు లేవని నిట్టూర్చే మన విద్యార్థులకు ఇంతకు మించిన పాఠమేముంటుంది?

ఇక పేరు విషయానికి వస్తాను. ఈ బృందపు ప్రధాన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. గుజరాతు మూలాలు గల పార్శీ కుటుంబంలో 1946లో జాంజిబార్‌లో జన్మించాడు. మహారాష్ట్రలోని పాంచ్‌గణి వసతి పాఠశాలలో చదివాడు. మొదటి బృందంలో చేరి వాయించింది కూడా అక్కడే. 1964లో జాంజిబార్ విప్లవం వలన కుటుంబం ఇంగ్లండు చేరింది. అంటే, పరాయిదని మనం తోసిపుచ్చే ఈ పాట వెనుక సహ్యాద్రి కొండలలో పియానో నేర్చిన ఒక అల్పసంఖ్యాక కుటుంబపు బాలుడున్నాడు. 'బొహీమియన్ రాప్సొడి' భక్తిగీతమని నేననను. అయినా, మన విద్యార్థులలో చాలామంది ఇళ్ళలో ప్రతి పనికీ ముందు పలికే 'బిస్మిల్లా' అన్న మాట ఆ బృందగానం నడుమ స్పష్టంగా వినబడుతుంది. ఆ పాటలో మనకు చోటు లేదని ఎలా అనగలం?

ఆయన పేరు మార్చుకొన్నాడు గదా అని నా విద్యార్థి వాదించవచ్చును. నిజమే. నాటి ఇంగ్లండులో ఆ పేరుతో రాణించడం ఎంత కష్టమో ఊహించగలను గనుక ఆయనను నిందించను. కాని 1991లో ఆయన మరణించినప్పుడు అంత్యక్రియలు జరిపినవారు జొరాస్ట్రియన్ పురోహితులే. పేరు పోయినా పుట్టుక పోలేదు. మనకు మరొక మార్గం చూపినవారు మన పొరుగునే ఉన్నారు. ఒంగోలు సమీపంలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా సాహెబు గారు నాదస్వరంపై త్యాగరాజ కృతులు వాయించి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదునందుకొన్నారు. అందుకై ఆయన పేరులో ఒక్క అక్షరమైనా తగ్గించుకోలేదు.

స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి, మతభేదం లేక ఒకరి రొట్టె మరొకరు స్వీకరించే ఊరు మనది. రొట్టె ఇచ్చినవారి కులగోత్రాలు అడగని మనం, పాట ఇచ్చినవారి దేశం ఎందుకడగాలి?

కళాశాల యాజమాన్య సంఘం వారికి ఒక్క మనవి. నెలకొక గంట గ్రంథాలయంలో సంగీత శ్రవణానికి కేటాయించండి. ఫోనులో ముక్కలు ముక్కలుగా పాటలు వినడానికి అలవాటుపడిన మన పిల్లలు, ఒక ఆల్బమ్‌ను మొదటి నుండి చివరి వరకు కదలక కూర్చొని వినడం నేర్చుకోవాలి. మొదటి నెల ఈ ఆల్బమ్, రెండవ నెల మౌలానా గారి నాదస్వరం వినిపిద్దాము. ఇందుకు పెద్ద వ్యయమేమీ కాదు.

ఆ రోజు వేదికపై నా విద్యార్థి పేరు అతడు కోరినట్లే సగం చదివాను. అతడు చక్కగా పాడాడు; చప్పట్లు మ్రోగాయి. కాని ఆ చప్పట్లు సగం పేరుకే దక్కాయన్న బాధ నన్ను నేటికీ వదలలేదు. ఈ సంవత్సరం అతడు మళ్ళీ పాడితే పూర్తి పేరు చదవనిమ్మని నేనే అతడిని అడుగుతాను.