మనస్తత్త్వశాస్త్రమున బి.ఏ. గిట్టునా?

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడి, 'దోస్త్' ఆన్‌లైను వేదిక ద్వారా డిగ్రీ ప్రవేశములకు ఐచ్ఛికములు నమోదుచేయు దినములు రాగానే, మునగాల, నడిగూడెము, కోదాడ ప్రాంతముల ఇండ్లలో ఏటేట ఒక ప్రశ్న తలయెత్తుచుండును: ఈ చదువు గిట్టునా? సాగరు ఎడమకాలువ నీటితో వరి పండించి, ఎరువులకును, కౌలునకును, కూలికిని పోగా మిగిలినదెంతయో వ్రేళ్లమీద లెక్కించుకొను కుటుంబమునకు ఆ ప్రశ్న వేయుటకు సర్వాధికారము కలదు. ఇంజనీరింగు విషయమునను, నర్సింగు విషయమునను ఆ లెక్క ఏదో యొక తీరున తేలుచున్నది, మనస్తత్త్వశాస్త్రమున బి.ఏ. చదివెదనని కూతురు పట్టుపట్టినప్పుడు మాత్రము తండ్రికి అవుననుటకును తోచదు, కాదనుటకును తోచదు.

నిష్కర్షగా చెప్పవలెనన్నచో, మూడేండ్ల పట్టా తనంత తాను ఒక వృత్తి కాదు. అది గ్రూపు పరీక్షలకు అర్హత నిచ్చును. చరిత్రలోనో, వాణిజ్యశాస్త్రములోనో పొందిన పట్టాయు అంతే యిచ్చును. స్వచ్ఛందసంస్థలలోను, కార్యాలయముల సిబ్బంది విభాగములలోను చిన్న కొలువులు దొరకవచ్చును గాని, అచ్చట ఎం.బి.ఏ. చదివినవారితోను, సమాజసేవాశాస్త్రము చదివినవారితోను పోటీ తప్పదు. రోగులకు చికిత్స చేయగల క్లినికల్ సైకాలజిస్టు హోదాకు మాత్రము చట్టము కంచె కట్టినది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ప్రకారము గుర్తింపు పొందిన అర్హతయు, నమోదును ఉండవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పిన మార్గములలో ఒకటి, స్నాతకోత్తర విద్యకు పిమ్మట రెండేండ్ల పూర్తికాల ఎం.ఫిల్. మూడును, రెండును, రెండును కలిపిన ఏడు సంవత్సరములు.

కావున ఈ చదువు ఖర్చును కళాశాల రుసుములో వెదకుట పొరపాటు. ప్రభుత్వ కళాశాలలో బి.ఏ. రుసుము స్వల్పము, అర్హులకు బోధనారుసుము తిరిగి చెల్లించు పథకమును కలదు. అసలు ఖర్చు సంపాదన లేని సంవత్సరములది, హైదరాబాదు వసతిగృహపు అద్దెది, తోడిపిల్లలు జీతములు తెచ్చుచుండగా ఇంకను ఇంటి నుండి డబ్బు తెప్పించుకొనవలసిన సంకోచముది. పనిచేసికొనుచు దూరవిద్య ద్వారా చదువుకొందమన్న పేదల వెసులుబాటు సైతము సన్నగిల్లినది: ఆరోగ్యవృత్తులకు సంబంధించిన మనస్తత్త్వశాస్త్రాది కోర్సులను 2025 జులై-ఆగస్టు ప్రవేశముల నుండి దూరవిద్యలోను, ఆన్‌లైనులోను నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిషేధించినది. రోగి మేలు కోరి చేసిన నిర్ణయమే కావచ్చును. దాని భారము మాత్రము పట్టణమునకు పోయి నిలువలేని ఇంటిమీదనే పడును.

మరి ఈ విద్యకు అవసరము లేదా యనగా, కావలసినంత కలదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేక్షణము దేశములోని వయోజనులలో 10.6 శాతము మంది ఏదో యొక మానసిక రుగ్మతతో ఉన్నారనియు, రుగ్మతను బట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్స అందనివారే యనియు తేల్చినది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అను మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 అను సంఖ్య ద్వారా ఎవరైనను ఫోను చేయవచ్చును. విశాఖపట్టణమున పోటీపరీక్షకు శిక్షణ పొందుచు మరణించిన ఒక విద్యార్థిని విషయమై 2025 జులైలో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు, నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు కనీసము ఒక అర్హుడైన కౌన్సెలరునో, మనస్తత్త్వవేత్తనో, సామాజిక కార్యకర్తనో నియమింపవలెనని ఆదేశించినది. ఆ ఆదేశము అక్షరాల అమలగునేని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల కళాశాలలలోనే ఎన్నో కొలువులు పుట్టవలెను. ఐనను, ఆ కొలువులకు తగిన జీతమిచ్చి శిక్షితులను నియమింతురో, లేక ఉన్న అధ్యాపకునికే ఆ పేరు తగిలించి కాగితము నింపుదురో యను సందేహము మన సంస్థల నడత నెరిగినవారికి కలుగక మానదు. అవసరము ఒకటి, జీతము ఒకటి. మొదటిది పెరిగినంత మాత్రమున రెండవది దానంతట అది పెరుగదు.

విద్యను ధనముతో తూచుట ఈ గడ్డకు తగదని కొందరందురు. 1959లో నల్లగొండలో కలియువరకు నిజాము సీమ నడుమ కృష్ణాజిల్లా భాగముగా నిలిచిన మునగాల పరగణాయే కదా, రాజా నాయని వేంకటరంగారావుగారి పోషణయు, దివానైన కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారి దీక్షయు కలిసి, 1906లో విజ్ఞానచంద్రికా మండలి యను తెలుగు గ్రంథప్రచురణ సంస్థకు ఊపిరి పోసినది! ఆ కీర్తి నిజమే. కాని ఆ పోషణకు మూలము జమీ ఆదాయము. ఆ ఆదాయమునకు మూలము రైతు చెమట. ఆ రైతులే తరువాతి కాలమున జమీందారీపై ఉద్యమించినారు. విద్య ఎన్నడును ఉచితముగా రాలేదు. దాని మూల్యమును ఎవరో ఒకరు చెల్లించుచునే వచ్చిరి. నేడు ఆ పోషకుని స్థానమున రెండెకరముల రైతు ఒంటరిగా నిలువవలసివచ్చుట అన్యాయము.

అందుచే తల్లిదండ్రులకు చెప్పదగినది ఇది: బి.ఏ. తరువాత కనీసము నాలుగేండ్లు నిలకడగా చదివింపగల ఓపిక ఇంటికిని, చదువగల పట్టుదల పిల్లకును ఉన్నచో నిర్భయముగా చేర్పింపుడు. లేనిచో ఈ పట్టాతోపాటు గణాంకశాస్త్రమునో, ఉపాధ్యాయ శిక్షణనో జతపరచు దారిని మొదటి సంవత్సరముననే నిశ్చయించుకొనుడు. ప్రభుత్వమునకు చెప్పవలసినది అంతకంటె ముఖ్యము: నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, 2019లో మొదలైన సూర్యాపేట ప్రభుత్వ వైద్యకళాశాలయు చేతులు కలిపి, పర్యవేక్షణతో కూడిన స్నాతకోత్తర శిక్షణను జిల్లాలోనే, వేతనసహితముగా అందింపవలెను, వసతిగృహములలోను, కళాశాలలలోను కౌన్సెలరు కొలువులను మంజూరు చేసి, వాటి జీతములను బడ్జెటులో చూపవలెను. ఆ రెండును జరుగనంతవరకు ఈ పట్టా ధనమున్నవారి బిడ్డలకు లాభసాటియు, లేనివారి బిడ్డలకు జూదమును అగును.