సైనికుని నేర్పు వ్యర్థము కారాదు

కరీంనగరు, ఆదిలాబాదు సీమల పల్లెలనుండి నూనూగు మీసముల ప్రాయమున సైన్యమునందు జేరి, హిమశైలముల చలికిని, రాజస్థానపు మరుభూముల వేడిమికిని ఓర్చి, పదునేడేండ్లు కొలువు చేసిన సిపాయి, ఇతర ప్రభుత్వోద్యోగులు పదోన్నతులకై నిరీక్షించు వయస్సుననే, నలుబది యేండ్లయినను నిండక మునుపే, పెట్టె సర్దుకొని స్వగ్రామమునకు తిరిగివచ్చుచున్నాడు. బిడ్డలు బడిలో నుందురు. తల్లిదండ్రులు మంచము పట్టియుందురు. చేతికందు పింఛను చివరి జీతములో సగము. ఇట్టివానికి మనము చూపు దారినిబట్టియే, నేడు కొలువులో నున్న నిపుణులు సైన్యమున నిలుతురో తొలగుదురో నిర్ణయమగునని నా దృఢవిశ్వాసము.

సికింద్రాబాదునందలి ఇ.ఎం.ఇ. కేంద్రమున శిక్షణ పొంది, యుద్ధశకటముల యంత్రములను విప్పి బిగింప నేర్చిన హవల్దారు, కరీంనగరులో బ్యాంకు వాకిట తుపాకి చేతబట్టి స్టూలుమీద కూర్చుండుట మనమెఱిగిన దృశ్యమే. ఆ యుద్యోగమున అగౌరవమేమియు లేదు; కాని ప్రజాధనముతో పదునుపెట్టిన నేర్పు అచట తుప్పుపట్టుచున్నది. సమీపముననే రామగుండమున ఎన్‌టీపీసీ, జైపూరున సింగరేణి విద్యుత్కేంద్రము, మందమఱ్ఱి, శ్రీరాంపూరు గనులు యంత్రనిపుణుల చేతిమీదుగా నడచుచున్నవి. కేంద్రప్రభుత్వ గ్రూప్-సి కొలువులలో నూటికి 10, ప్రభుత్వరంగ సంస్థలలో నూటికి 14.5 వంతున మాజీ సైనికులకు ప్రత్యేకింపబడియున్నను, ఆ భాగము దేశమంతట నిండకయే మిగులుచున్నది. సైనిక ట్రేడునకు పౌరరంగమున సమానమగు అర్హత యేదో నియామకాధికారులకు తెలియకుండుట ఇందుల కొక ముఖ్యకారణము.

సంక్షేమమనునది కాగితములపై విస్తారముగనే యున్నది. 2003లో మాజీ సైనికుల ఆరోగ్య పథకము ఇ.సి.హెచ్.ఎస్. ఆరంభమైనది, ఒకే ర్యాంకు, ఒకే పింఛను 2014 జూలై 1 నుండి వర్తించుచున్నది. అయినను సిర్పూరు ప్రాంతపు వీరపత్నికి ఈ మేలు చేరు దారి సుదీర్ఘము. 2016లో ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనను, ఆమె సైనిక సంక్షేమ కార్యాలయమునకై నూరు కిలోమీటర్లకు మించి పాత జిల్లాకేంద్రమునకే పోవలసియున్నది. భర్త డిశ్చార్జి బుక్కులో లచ్చవ్వ యనియు, ఆధారులో లక్ష్మి యనియు నున్నచో, ఆ రెండుపేర్లు ఒక్కరివేయని రికార్డ్ ఆఫీసు అంగీకరించువఱకు కుటుంబ పింఛను కదలదు.

పింఛనుల భారము పెరిగినదను వాదమును తోసిపుచ్చలేము. 2025-26 రక్షణ బడ్జెటు 6.81 లక్షల కోట్లలో అవి 1.60 లక్షల కోట్లు. ఈ భారమును తగ్గించుటయు, సైన్యమును యౌవనవంతముగ నుంచుటయు ఉద్దేశములుగా 2022 జూన్‌లో అగ్నిపథమను స్వల్పకాల నియామక పథకము వచ్చినది. అందు నాలుగేండ్ల పిమ్మట నిలుపుకొనునది నూటికి 25 మందినే. తక్కినవారికి సుమారు 11.71 లక్షల సేవానిధి దక్కును గాని, పింఛను, ఇ.సి.హెచ్.ఎస్., మాజీ సైనికుడను హోదా దక్కవు. రైఫిలు పట్టుట స్వల్పకాలమున అలవడవచ్చును. రాడారును, క్షిపణిని, శకటయంత్రమును ఆకళించుకొనుటకు ఏండ్లు పట్టును. కనుక సాంకేతిక శాఖలయందైనను ఈ పరిమితిని సడలించి, నేర్చినవారిని ఎక్కువగా నిలుపుకొనుట పొదుపునకే అనుకూలము.

అగ్నిపథమున సైన్యమునందు జేరి 2023 ఆరంభమున శిక్షణకు పోయిన అగ్నివీరుల తొలి జట్టు నాలుగేండ్ల గడువు 2027 ఆరంభమునకు తీరును. ఆలోపల సైనిక ట్రేడులకు సరితూగు అర్హతల పట్టికను సింగరేణి, విద్యుత్సంస్థలు తమ నియామక ప్రకటనలలోనే ముద్రింపవలెను. సంక్షేమాధికారులు నెలకొకమారు ఆసిఫాబాదు, మంచిర్యాల, జగిత్యాల, సిరిసిల్లలలో శిబిరములు నడిపి, పేర్ల సవరణలు అచటనే స్వీకరింపవలెను. రాష్ట్రప్రభుత్వము పోలీసు, అగ్నిమాపక, అటవీ శాఖలలో అగ్నివీరులకు స్థానము కల్పింపవలెను. సెలవుపై ఊరికి వచ్చిన జవాను తనకు ముందు పనిచేసినవాని బ్రతుకును చూచియే, సర్వీసు పొడిగించుకొనవలెనా యని యోచించును. ఆ ముందటివానికి గౌరవప్రదమగు పని దొరకినచో, నిపుణుని నిలుపుకొనుటకు అంతకు మించిన ప్రోత్సాహము వేఱొకటి యుండదు.